గోదావరి డెల్టా గట్టుదారులు

గోదావరి డెల్టాలో నది, కాలువలు, మురుగు కోడులు, వరిచేల అంచుల వెంబడి ఉన్న మట్టిగట్ల మీద ఏర్పడిన నడకదారులను గట్టుదారులు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల్లో ఇవి విస్తరించి ఉన్నాయి. నేల సమతలం కావడంతో ఎక్కుడు దిగుడు దాదాపు ఉండదు. పిల్లలు, పెద్దవయసువారు కూడా శ్రమ లేకుండా నడవగలరు. వీటిలో అత్యధికం నడక కోసం వేసినవి కావు. వరదను ఆపడానికి, సాగునీటిని నడపడానికి, పడవలను లాగడానికి, చేను చేనుకు మధ్య నీటిని నిలపడానికి వేసిన కట్టలే కాలక్రమంలో దారులయ్యాయి.

పేర్లు, పరిభాష

గట్టు అనే మాట ఎత్తైన మట్టికట్టకు సాధారణ నామం. నది వెంట ఉండేది ఏటిగట్టు, కాలువ వెంట ఉండేది కాలువ గట్టు, రెండు చేల మధ్య ఉండేది పొలం గట్టు. పొలాలకు నీరందించే చిన్న కాలువను బోదె లేదా పంట బోదె అనీ, మిగులు నీటిని సముద్రానికి చేర్చేదాన్ని మురుగు కోడు లేదా డ్రెయిను అనీ అంటారు.

ఊరి నుంచి పొలాల్లోకి బండి వెళ్లే మట్టిదారిని గోదావరి జిల్లాల్లో పుంత అంటారు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో దీనికి డొంక అనే పేరు ఎక్కువ వాడుకలో ఉంది. తెలంగాణలో బండ్లబాట అంటారు. గ్రామపటంలో గుర్తించి ఉన్న బాటను అక్కడ నక్షబాట అనడమూ ఉంది. పుంత అన్న మాట గ్రామదేవతల పేర్లలోకీ చేరింది. పుంతలో ముసలమ్మ పేరుతో గోదావరి జిల్లాల్లో గుడులు ఉన్నాయి.

నదీ గర్భంలో ఒండ్రు మేటవేసి ఏర్పడిన దీవి లంక. పడవ ఎక్కే, దిగే చోటు రేవు. మనుషులతో పాటు వాహనాలను కూడా దాటించే బల్లకట్టు వంటి పెద్ద నావను పంటు అంటారు.

భౌగోళిక నేపథ్యం

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. వశిష్ఠ అంతర్వేది వద్ద, వైనతేయ ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తాయి. గౌతమికి ఎడమన ఉన్నది తూర్పు డెల్టా, వశిష్ఠకు కుడిన ఉన్నది పశ్చిమ డెల్టా. రెండింటి నడుమ ఉన్న మధ్య డెల్టాయే కోనసీమ.

డెల్టా చూపుకు బల్లపరుపుగా ఉన్నా అంతటా ఒకే మట్టం కాదు. ప్రతి వరదకూ నది ఒడ్డు పొర్లి, బరువైన ఒండ్రును ముందుగా ఒడ్డునే వదులుతుంది. అందుకే నది అంచులు కాస్త మెరకగా, పాయల మధ్య భాగం పల్లంగా ఉంటాయి. సాగునీరు వాలుకు పారాలి కాబట్టి కాలువలను మెరక మీదుగా తీశారు. మురుగు కోడులు పల్లం వెంట నడుస్తాయి. ఊళ్లు, కొబ్బరితోటలు కూడా ఎక్కువగా మెరకనే ఉంటాయి. ఈ అమరిక వల్ల కాలువ గట్టు పట్టుకుని నడిచేవారికి వరసగా ఊళ్లు తగులుతాయి. మురుగు కోడు గట్టున నడిస్తే ఊళ్లు దూరంగా ఉండి, వరిచేలు, చెరువులు మాత్రమే కనిపిస్తాయి.

చరిత్ర

*ఆనకట్టకు ముందు.* కాలువలు లేని కాలంలో డెల్టాలో ప్రయాణం పడవ మీద, కాలినడకన, బండి మీద సాగేది. వర్షాకాలంలో పుంతలు బురదై బండ్లు నడిచేవి కావు. దూరాన్ని క్రోసుల్లో, ఆమడల్లో చెప్పేవారు. నాలుగు క్రోసులు ఒక ఆమడ. గోదావరి సంగమస్థానాల్లో స్నానాలు చేసే సప్తసాగర యాత్ర ఇక్కడి పాత నడక సంప్రదాయాల్లో ఒకటి. పుష్య అమావాస్యనాడు కాకినాడ సమీపంలోని చొల్లంగిలో స్నానంతో మొదలై, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరడం ఇందులోని క్రమం. చొల్లంగి అమావాస్య అనే పేరు ఈ స్నానం వల్లనే వచ్చింది.

*కాలువల కాలం.* 1830ల కరవుల తరవాత సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) ప్రతిపాదనపై ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టిన ఆ ఆనకట్ట నుంచి మూడు డెల్టాలకూ కాలువలు వెళ్లాయి. నేడు వీటి కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

ఈ కాలువలు సాగుకే కాక రవాణాకూ ఉద్దేశించినవి. ధాన్యం, కొబ్బరితో పాటు ప్రయాణికులు కూడా పడవల మీద వెళ్లేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే మనుషులు గట్టెక్కి భుజాన తాడు వేసుకుని పడవను లాగేవారు. ఆ తాడుకు చెట్లు అడ్డం రాకుండా, లాగేవారి కాలు జారకుండా నీటివైపు గట్టు చదునుగా ఉండాలి. కాలువ వెంట తెగకుండా సాగే నడకదారి ఏర్పడడానికి ఇది ముఖ్య కారణం. నీటిమట్టం మారే చోట పడవలను ఎక్కించి దించడానికి లాకులు కట్టారు. ఏలూరు కాలువ గోదావరి వ్యవస్థను కృష్ణా వ్యవస్థతో కలిపింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఉన్న కాలువ మార్గాన్ని, గోదావరి, కృష్ణా నదుల్లోని కొన్ని భాగాలతో కలిపి, 2008లో 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. రైలు, లారీ వచ్చాక పడవ రవాణా క్షీణించింది గానీ గట్టుదారులు మిగిలాయి.

*1986 తరవాత.* 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి ఏటిగట్లకు పలుచోట్ల గండ్లు పడ్డాయి. ఆ తరవాత గట్లను ఎత్తు, వెడల్పు పెంచి పటిష్ఠం చేసే పనులు దశలవారీగా సాగాయి. వెడల్పు పెరిగిన గట్ల మీద చాలాచోట్ల తారు, సిమెంటు రోడ్లు పడ్డాయి. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు గట్టు లోపలి లంకలు మునిగాయి.

రకాలు

*ఏటిగట్టు.* అన్నిటిలో ఎత్తైనది, వెడల్పైనది. ఒకవైపు నది, లంకలు, రెండోవైపు ఊళ్లు, తోటలు కనిపిస్తాయి. నది గట్టు పక్కనే పారకపోవచ్చు. గట్టుకూ నీటికీ మధ్య కూరగాయలు, అరటి పండించే లంకభూములు కొన్నిచోట్ల విశాలంగా ఉంటాయి.

*కాలువ గట్టు.* ప్రధాన కాలువలకు రెండువైపులా గట్లుంటాయి. సాధారణంగా ఒకటి రోడ్డుగా మారి ఉంటుంది, రెండోది మట్టిదారిగా మిగిలి ఉంటుంది. నడకకు రెండోది అనువైనది. నిద్రగన్నేరు, కానుగ, రావి చెట్ల నీడ కాలువ గట్లకు ప్రత్యేకం.

*మురుగు కోడు గట్టు.* యనమదుర్రు, నక్కల, కౌశిక వంటి డ్రెయిన్ల వెంట ఉంటుంది. పూడిక తీసినప్పుడల్లా మట్టి గట్టు మీదే పోస్తారు కాబట్టి ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉంటుంది. తుమ్మ, గడ్డి అలుముకుని ఉంటాయి.

*బోదె గట్టు, పొలం గట్టు.* ఒకరి వెనక ఒకరు నడవాల్సినంత ఇరుకు. రైతులు, కూలీలు రోజూ వాడతారు. కొందరు రైతులు గట్టు మీద కంది విత్తుతారు.

*పుంత.* చేల మట్టం కంటే కాస్త ఎత్తున, బండి పట్టేంత వెడల్పున ఉంటుంది. తాటిచెట్ల వరసలు దీన్ని దూరం నుంచే పట్టిస్తాయి. గట్టుదారులను ఊరితో కలిపేది ఎక్కువగా పుంతే.

*లంకదారి.* వేసవిలో ఇసుక మేటల మీదుగా, మిగతా కాలంలో రేవు దాకా వెళ్లేది. ఏటా వరద దీన్ని మార్చేస్తుంది.

నీటి నిర్వహణలో గట్టు పని

గట్టు దారి కావడం దాని రెండో పని. మొదటి పని నీటిని హద్దులో ఉంచడం. పెద్ద కాలువ నుంచి తూము ద్వారా బోదెలోకి, బోదె నుంచి చేలోకి నీరు చేరుతుంది. చేలోకి నీరు వదలడానికి గట్టుకు పెట్టే చిన్న కోతను మడవ అంటారు. రైతు పారతో నాలుగు పెళ్లల మట్టి తీస్తే మడవ తెరుచుకుంటుంది. తడి సరిపోయాక ఆ పెళ్లలనే తిరిగి పెట్టి, పైన గడ్డి వేసి కాలితో తొక్కితే మూసుకుంటుంది. కొత్తగా మూసిన మడవ నల్లగా, తడిగా, పక్క గట్టు కంటే కొంచెం పల్లంగా కనిపిస్తుంది. దాని మీద అడుగు పడితే మట్టి జారి నీరు పక్క చేలోకి పోతుంది. మడవను దాటుకుని అవతల కాలు పెట్టడం పొలం గట్టున నడిచేవారు పాటించే మర్యాద. ఊడ్పులకు ముందు గట్టు అంచులను పారతో చెక్కి, కలుపు లాగి, బురద మెత్తుతారు. ఆ పని జరిగిన కొన్ని రోజుల వరకు గట్టు ఆరదు.

ప్రధాన కాలువల వద్ద తూములు, షట్టర్లు, లాకుల నిర్వహణ జలవనరుల శాఖ లస్కర్ల పని. గట్టున కాలినడకన తిరిగి గండి సూచనలను, ఎండ్రకాయ బొరియలను, ఊట కారే చోట్లను కనిపెట్టడం వారి విధుల్లో భాగం. ఏటిగట్టు మీద వరదకాలంలో రాత్రింబవళ్లు కాపలా ఉంటుంది. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75 అడుగులకు రెండో, 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు.

రుతువులు, నడక అనుకూలత

డెల్టా సాగు క్యాలెండరే నడక క్యాలెండరు. జూన్‌లో కాలువలకు నీరు వదులుతారు. సార్వా (తొలి వరిపంట) ఊడ్పులు వర్షాకాలంలో, కోతలు నవంబరు–డిసెంబరుల్లో జరుగుతాయి. దాళ్వా (రెండో వరిపంట) ఊడ్పులు డిసెంబరు–జనవరుల్లో, కోతలు ఏప్రిల్‌లో వస్తాయి. ఆ తరవాత మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు అనుకూలం. గట్లు ఆరి ఉంటాయి, ఎండ మృదువుగా ఉంటుంది. జనవరి తెల్లవారుజామున పొగమంచు దట్టంగా కమ్ముతుంది, కాలువ అంచు కనిపించదు. మార్చి నుంచి మే వరకు పొద్దున, సాయంత్రం మాత్రమే వీలవుతుంది. జులై నుంచి సెప్టెంబరు వరకు వరద కాలం కాబట్టి ఏటిగట్టు లోపలి దారులు, లంకదారులు వాడకూడదు.

ఆరిన గట్టు మీద గంటకు 4 నుంచి 5 కిలోమీటర్లు నడవవచ్చు. ఒండ్రు బంకమట్టి తడిస్తే చెప్పుకు పెళ్లలుగా అంటుకుని వేగం సగానికి పడిపోతుంది. ఆ స్థితిలో స్థానికులు చెప్పులు చేత పట్టుకుని ఉత్తికాళ్లతో నడుస్తారు.

తాచుపాము, రక్తపింజర వరిచేలలో ఎలుకల కోసం తిరుగుతాయి కాబట్టి చీకట్లో దీపం, గడ్డి గట్ల మీద మూసిన పాదరక్షలు అవసరం. చెట్టూ చేమా లేని గట్టు మీద ఉరుములు మొదలైతే వెంటనే దిగి పక్కా ఇంటికి చేరాలి. కాలువ లైనింగు సిమెంటుతో ఉన్నచోట జారి పడితే పైకెక్కడం కష్టం. కొబ్బరితోటల్లో దింపు తీస్తున్నప్పుడు చెట్ల కింద నడవకూడదు.

ప్రధాన దారులు

*ధవళేశ్వరం–విజ్జేశ్వరం.* పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టి కట్టిన సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. నాలుగు భాగాల మీదుగా, నడుమ లంకలను దాటుతూ వెళ్లే రోడ్డు ఇది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. వాహనాల రద్దీ ఉంటుంది కాబట్టి ఉదయం వేళ అనువైనది.

*బొబ్బర్లంక–ఆత్రేయపురం–లొల్ల.* మధ్య డెల్టా ప్రధాన కాలువ బొబ్బర్లంక వద్ద మొదలవుతుంది. దాని గట్టు పూతరేకులకు పేరుపొందిన ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా వెళ్తుంది. అక్కడ ప్రధాన కాలువ వేర్వేరు కాలువలుగా చీలుతుంది. చెట్ల నీడ, నీటి హోరు, లాకుల పాత కట్టడం వల్ల సినిమా చిత్రీకరణలకూ ఇది ప్రసిద్ధి.

*పి.గన్నవరం అక్విడక్టు.* వైనతేయ నది మీదుగా కాలువ నీటిని అవతలి దీవికి దాటించే కట్టడం. 1850ల తొలినాళ్లలో లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో, వీణెం వీరన్న తోడ్పాటుతో 49 కమానులతో పాత అక్విడక్టును నిర్మించారు. 2000లో అందుబాటులోకి వచ్చిన కొత్తదానికి నిరతాన్నదాతగా పేరొందిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇక్కడ నిలబడితే పైన కాలువ, కింద నది ఒకదాన్నొకటి అడ్డంగా దాటడం చూడవచ్చు.

*కోటిపల్లి–ముక్తేశ్వరం.* గౌతమికి ఇరువైపులా ఉన్న రెండు పుణ్యక్షేత్రాలను రేవు కలుపుతుంది. తూర్పు ఒడ్డున ఏటిగట్టు, పడవ దాటు, పశ్చిమాన కొబ్బరితోటల దారి కలిసి ఒక పూట నడక.

*కడియం ప్రాంతం.* కాలువ గట్ల వెంట కడియపులంక నర్సరీలు వరసగా ఉంటాయి. పూలమొక్కల మళ్ల మధ్య నుంచి పొలాల్లోకి పుంతలు చీలుతాయి.

*నరసాపురం–సఖినేటిపల్లి–అంతర్వేది.* వశిష్ఠను రేవులో దాటి, కుడిచేతి వైపు నదితో పాటు సముద్ర సంగమం దాకా సాగే దారి. సముద్రానికి చేరువయ్యే కొద్దీ వరి తగ్గి, సరుగుడు తోటలు, చేపల, రొయ్యల చెరువులు పెరుగుతాయి.

పక్షులు, మొక్కలు

కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, పాలపిట్టలు గట్ల మీద నిత్యం కనిపిస్తాయి. దుక్కి సమయంలో ట్రాక్టరు వెనకే కొంగల గుంపు నడుస్తుంది. నీటి మీదికి వంగిన తాటి, తుమ్మ కొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. నీరు నిలిచిన కాలువల్లో గుర్రపుడెక్క, తూడు అల్లుకుని ప్రవాహాన్ని అడ్డుకుంటాయి.

హక్కులు, యాజమాన్యం

ఏటిగట్లు, కాలువ గట్లు ప్రభుత్వ భూములు. నదీగర్భం, గట్ల రక్షణకు 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి వస్తున్నది. 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు చిన్న కాలువల నిర్వహణలో పాత్ర ఉంది. పుంతలు సాధారణంగా రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా నమోదై, గ్రామపటంలో గుర్తించి ఉంటాయి.

పొలం గట్టు మాత్రం రైతుల సొంతం, తరచు ఇద్దరి ఉమ్మడి హద్దు. ఒకరి పొలం మీదుగా మరొకరు తమ పొలానికి వెళ్లే హక్కును 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం గుర్తిస్తుంది. శాంతియుతంగా, బహిరంగంగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు హక్కుగా వాడుకున్న దారిపై 15వ సెక్షను కింద హక్కు ఏర్పడుతుంది. వేరే దారే లేని భూమికి 13వ సెక్షను కింద అవసరార్థపు దారి లభించవచ్చు. ఈ హక్కులు ఫలానా భూమిని అనుభవించేవారికి చెందినవి. విహారానికి వచ్చే బయటివారికి పొలం గట్టున నడిచే చట్టబద్ధ హక్కును ఇవి ఇవ్వవు. ఆచరణలో పైరుకు నష్టం చేయని నడకను రైతులు ఆపరు.

సాంస్కృతిక ప్రాధాన్యం

కనుమ నాడు కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం గట్టుదారుల సంస్కృతికి విశిష్ట ఉదాహరణ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు మొసలపల్లి పరిధిలోని కొబ్బరితోటకు చేరతాయి. వెదురుతో కట్టి, రంగురంగుల గుడ్డలతో అలంకరించిన ఎత్తైన ప్రభను పదుల మంది భుజాల మీద మోస్తారు. అంత వెడల్పైన మోతకు పొలం గట్టు సరిపోదు, మోసేవారు నేరుగా ఊడ్చిన చేలల్లోంచి నడుస్తారు. తొక్కిన చేను బాగా పండుతుందని రైతుల నమ్మకం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశికలోకి దిగి, నీళ్లలో నడిచి అవతలి గట్టెక్కే ఘట్టాన్ని చూడడానికి జనం ఇరుగట్ల మీదా నిండిపోతారు.

ఈ పరిసరాలు బి.వి.ఎస్. రామారావు ‘గోదావరి కథలు’, వంశీ ‘మా పసలపూడి కథలు’ వంటి రచనలకు నేపథ్యమయ్యాయి.

ఇతర ప్రాంతాలతో పోలిక

ఇంగ్లండులోని థేమ్స్ నడకబాట సుమారు 296 కిలోమీటర్ల పొడవుతో 1996లో ప్రారంభమైంది. అందులో పెద్ద భాగం ఒకప్పుడు పడవలను తాడుతో లాగిన గట్టే. పుట్టుకలో అది గోదావరి కాలువ గట్టుకు సాటి. తేడా చట్టంలో ఉంది. 1949 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రజా నడకబాటలను పటాల్లో అధికారికంగా నమోదు చేస్తారు, పొలం మీదుగా వెళ్లే బాటను సైతం రైతు మూయడానికి వీల్లేదు. నెదర్లాండ్స్ కరకట్టలు, కేరళలోని కుట్టనాడు పొలం గట్లు కూడా ఇదే కోవకు చెందుతాయి. కుట్టనాడులో వరిచేలు సముద్రమట్టానికి దిగువన ఉండగా, గట్టే ఊరికి వీధి అవుతుంది.

ప్రస్తుత స్థితి

వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారినచోట పాత పొలం గట్లు కలిసిపోయి, చెరువు గట్లకు కంచెలు పడ్డాయి. కొన్ని ఊళ్లలో పుంతలు ఆక్రమణకు గురై సన్నబడ్డాయి. కాలువ గట్ల మీద ఇళ్లు, చెత్తకుప్పలు పెరిగాయి. ఇసుక లారీల తాకిడికి ఏటిగట్లు దెబ్బతింటాయి. మరోవైపు ఉపాధి హామీ పనులతో అనేక పుంతలు బాగుపడి పొలాలకు దారి ఏర్పడింది, గట్ల మీద పక్కా రోడ్లు పడి రేవు మీదే ఆధారపడిన ఊళ్లకు బస్సు, ఆటో వచ్చాయి. గట్టుదారులకు దారిసూచికలు, నడకపటాలు సాధారణంగా ఉండవు. కొత్తవారికి దారి చెప్పే గుర్తులు నేటికీ లాకు, తూము, రావిచెట్టు, పుంత మొదలే.